అన్నీ నార్మలే... మరి ఈ దడ ఎందుకు?

రోజువారీ కంగారుని ఎంతవరకు మనమే సర్దుకోవచ్చు, ఎక్కడ ఆగి సాయం అడగాలి

ఆ పాలిథిన్ కవరు చాలా ఇళ్లలో బీరువా మీద ఉంటుంది. పైన డయాగ్నొస్టిక్ సెంటర్ పేరు, లోపల రిపోర్టులు. ఈసీజీ, టూడీ ఎకో, థైరాయిడ్, బీ12, ఎండోస్కోపీ. ఇంకాస్త దూరం వెళ్లినవాళ్ల దగ్గర మెదడు ఎమ్మారై కూడా. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని తేల్చి, పరగడుపున వేసుకోమని గోళీలిచ్చాడు. తగ్గకపోతే టౌన్లో ఫిజీషియన్, ఆయన రాసిచ్చిన చీటీతో గుండె డాక్టరు, తల తిరుగుతోందంటే నరాల డాక్టరు. వెళ్లిన ప్రతిచోటా చివరికి ఒకటే మాట: "అన్నీ నార్మలే అమ్మా, టెన్షన్ పడకండి."

ఆ మాట విని బయటికొచ్చిన మనిషి మొహంలో సంతోషం కనబడదు. ఒంట్లో ఏమీ లేదంటే, మరి రాత్రి రెండింటికి గుండె అంతలా కొట్టుకున్నది ఏమిటి? చేతులు చల్లబడి, నోరు ఎండిపోయి, ఇంక అయిపోయింది అనుకున్నది ఏమిటి? ఇంట్లోవాళ్లు మాత్రం ధైర్యంగా ఉన్నారు. "డాక్టరే ఏం లేదన్నాడుగా, నువ్వే ఊహించుకుంటున్నావ్" అంటారు. ఆ రోజు నుంచి ఆ మనిషి తన బాధ గురించి నోరు విప్పడం మానేస్తుంది.

ఆ దడ ఊహ కాదు. ఈ కథనంలో ఇంకేది మర్చిపోయినా ఈ ఒక్క సంగతి మర్చిపోవద్దు.

ప్రమాదం ఎదురైతే కలబడటానికో పారిపోవడానికో ఒంటిని సిద్ధం చేసే ఏర్పాటు మనందరికీ పుట్టుకతోనే ఉంటుంది. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే దీని గురించి పుస్తకం రాశాడు. మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ముప్పు పసిగట్టగానే, మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. రక్తం పెద్ద కండరాలకి ఎక్కువగా మళ్లి పొట్టకి తగ్గుతుంది, అందుకే కడుపులో దేవినట్టు, ఉబ్బరించినట్టు ఉంటుంది. ఆయాసంగా గబగబా ఊపిరి తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి వేళ్ల కొసలకీ పెదాల చుట్టూ తిమ్మిర్లు పడతాయి, తల తేలిపోతుంది. ఆర్‌ఎంపీకి గ్యాస్‌లా కనిపించిందీ, నరాల డాక్టరు దాకా నడిపించిందీ ఇదే.

పాము ఎదురైనప్పుడు ఇదంతా ప్రాణం కాపాడుతుంది. ముప్పేమీ లేని వేళ కూడా ఇదే పదేపదే జరుగుతుంటే దాన్నే యాంగ్జైటీ అంటున్నాం. ఆకు కదిలినా మొరిగే కుక్క ఉన్న ఇంట్లో నిద్ర ఎలా ఉంటుందో, ఆ ఒంట్లో బతుకు అలా ఉంటుంది. కుక్కకి జబ్బేమీ లేదు కనుక పరీక్షలన్నీ నార్మల్‌గానే వస్తాయి. మొరగడం మాత్రం నిజం.

పరీక్షలు వద్దని కాదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువున్నా, షుగర్ పడిపోయినా, గుండె లయ తప్పినా దడ వస్తుంది. కాబట్టి డాక్టరు చెప్పిన పరీక్షలు ఒకసారి సరిగ్గా చేయించుకోవాల్సిందే. మొదటిసారి ఛాతీనొప్పి వచ్చి చెమటలు పడితే, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవాళ్లూ నలభై దాటినవాళ్లూ అది టెన్షనేలే అని ఇంట్లో కూర్చోకూడదు, 108కి ఫోన్ చేయాలి. చిక్కంతా ఆ తర్వాతే. అవే పరీక్షలు ఇంకో సెంటర్లో, ఇంకో ఊళ్లో, మళ్లీ ఆరు నెలలకి చేయించుకుంటూ పోవడం దగ్గరే ఏళ్లు గడిచిపోతాయి.

దిగులు లేని ఇల్లు ఉండదు

రేపు పరీక్ష ఉన్న పిల్లాడికి గుండె కొట్టుకోవాలి, లేకపోతే పుస్తకం ముట్టడు. ఆషాఢంలో మబ్బు మొహం చాటేస్తే, అప్పు తెచ్చి విత్తనం వేసిన రైతుకి కంటి మీద కునుకు పట్టకపోవడం జబ్బు కాదు. ఉద్యోగం ఊడి నెలనెలా ఈఎంఐ కట్టాల్సిన మనిషికి కౌన్సెలింగ్ కన్నా ముందు గడువు పెంచే బ్యాంకు కావాలి. లోకంలో ఉన్న కష్టాలన్నిటికీ మనసు జబ్బు పేరు పెట్టేస్తే అసలు కష్టం కనుమరుగవుతుంది. ఇలాంటి దిగులు దాని కారణంతో పాటే వస్తుంది. వాన పడితే, ఫలితం వస్తే, అప్పు తీరితే తగ్గుతుంది.

రెండో రకం దిగులు అలా తగ్గదు. ఒక కారణం పోతే ఇంకో కారణం వెతుక్కుంటుంది.

తెనాలిలో ఉన్న ఒక తల్లిని అనుకోండి. కొడుకు డాలస్‌లో. వేసవిలో ఇక్కడ రాత్రి పదయితే అక్కడ పొద్దున పదకొండున్నర. "తిన్నావా నాన్నా" అని పెట్టిన మెసేజికి బదులు లేదు. వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూసింది, రెండు గంటల కిందట. ఐదు నిమిషాలాగి మళ్లీ చూసింది. కోడలికి చేసింది, ఎత్తలేదు. అక్కడ హైవే మీద యాక్సిడెంట్ అని ఎప్పుడో టీవీలో చూసిన బొమ్మ కళ్లముందుకొచ్చింది. అరిచేతులు చెమటలు పట్టాయి. కొడుకు స్నేహితుడి నంబరు వెతికి అతనికీ చేసింది. చివరికి కొడుకు చేశాడు. "అమ్మా, మీటింగ్‌లో ఉన్నానే." గుండెల మీంచి బరువు దిగిపోయింది. హాయిగా పడుకుంది.

ఆ హాయే గొలుసు. ఫోన్ చేసి కనుక్కున్నాను కాబట్టి భయం తగ్గింది అని మెదడు నేర్చుకుంది. మర్నాడు అరగంట ముందే అదే హాయి కోసం చెయ్యి ఫోన్ మీదికి వెళ్తుంది. కొన్నాళ్లకి కొడుకు జ్వరమొచ్చినా అమ్మకి చెప్పడం మానేస్తాడు. దాచాడని ఏదో రోజు తెలుస్తుంది. ఇక అప్పటినుంచి "బాగానే ఉన్నాను" అన్న మాట మీద కూడా నమ్మకం పోతుంది. ఈలోగా ఆవిడ సాయంత్రం గుడికి వెళ్లడం తగ్గించింది, ఫోన్ మోగితే వినబడదని. చెల్లెలి ఊళ్లో పెళ్లికి వెళ్లలేదు, అక్కడ సిగ్నల్ ఉండదని. తోటికోడళ్లు కబుర్లకి పిలిస్తే ఒళ్లు బాగాలేదంది.

ఇప్పుడు ఆవిడ భయం ఎంతుందని కొలవకండి. భయం వల్ల ఏమేం మానేసిందో లెక్కపెట్టండి. గుడి, పెళ్లి, కబుర్లు. నా దృష్టిలో రోజువారీ కంగారుకీ సాయం అవసరమైన స్థితికీ మధ్య గీత ఇక్కడే ఉంది. లిఫ్ట్ ఎక్కరు, ఫ్లైఓవర్ మీద బండి నడపరు, కొత్త నంబరు నుంచి కాల్ వస్తే ఎత్తరు, మీటింగ్ ఉన్న రోజు సెలవు పెడతారు, ఇంట్లో ఒంటరిగా ఉండలేక పక్కింటివాళ్లని పిలిచి కూర్చోబెట్టుకుంటారు. ఒక్కోటీ చిన్న సర్దుబాటులాగే కనబడుతుంది. రెండేళ్ల కిందట చేసిన పనులూ ఇప్పుడు చేస్తున్న పనులూ పక్కపక్కన కాగితం మీద రాసుకుంటే బతుకు ఎంత కుంచించుకుపోయిందో తెలుస్తుంది.

ఇంట్లో చేయగలిగింది

భయాన్ని తగ్గించుకోవాలంటే దాన్నుంచి పారిపోవడం మానాలి, అదీ మెల్లగా. ఆ తల్లి ఒక్కసారిగా ఫోన్ పక్కన పడేయనక్కర్లేదు. మెసేజ్ పెట్టాక లాస్ట్ సీన్ చూడటానికి పది నిమిషాలాగాలి. గుండె కొట్టుకుంటుంది, కొట్టుకోనివ్వాలి. అలా కొన్ని రోజులు చేశాక ఇరవై, తర్వాత అరగంట. కంగారు పెరిగి పెరిగి, ఏమీ చేయకపోయినా దానంతటదే దిగుతుందని ఒళ్లు స్వయంగా చూడాలి. ఎవరు చెప్పినా రాని ధైర్యం ఇలా వస్తుంది. కొడుకు కూడా ఒక పని చేయొచ్చు. రోజూ ఒక వేళ ఖాయం చేసి ఆ వేళకి తప్పకుండా మాట్లాడటం, మధ్యలో పదిసార్లు "బాగున్నానమ్మా" అని బదులివ్వకుండా ఉండటం. తల్లి మీద ప్రేమ ఉన్నవాడికి ఇది కష్టమైన పనే.

ఇంకో పద్ధతి వినడానికి వింతగా ఉంటుంది కానీ చాలామందికి పనిచేస్తుంది. దిగులు పడటానికి ఒక టైము పెట్టుకోవడం. అమెరికా మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ 1980ల్లో దీన్ని పరీక్షించి చూశాడు. రోజూ సాయంత్రం ఒకే వేళకి, ఒకే చోట, ఓ అరగంట. పడకగది కాకూడదు, నిద్రవేళకి దగ్గరగా ఉండకూడదు. పగలు ఏ దిగులు వచ్చినా చిన్న పుస్తకంలో ఒక్క ముక్క రాసిపెట్టి, "సాయంత్రం చూద్దాం" అని చేతిలో ఉన్న పనికి తిరిగిరావాలి. సాయంత్రం పుస్తకం తీస్తే సగం దిగుళ్లకి అప్పటికే పదును పోయి ఉంటుంది. మిగిలినవాటిలో మన చేతిలో ఉన్నవేవో, లేనివేవో విడదీయాలి. ఫీజు కట్టాలన్నది చేతిలో ఉన్నది, రేపు ఎవరికి ఫోన్ చేయాలో రాసుకోవచ్చు. విమానం కూలుతుందేమో అన్నది చేతిలో లేనిది. ఆలోచన రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు, వాయిదా వేయడం మాత్రం సాధ్యమే.

టీ, కాఫీలు తగ్గించి చూడాలి, కెఫీన్ దానంతటదే దడ పుట్టిస్తుంది. చెమట పట్టేలా రోజూ నడవాలి. పడుకునే ముందు వార్తల చానళ్లు కట్టేయాలి. ఇవి అందరికీ తెలిసినవే. తెలిసినా మన ఇళ్లలో మగవాళ్లు ఎక్కువగా పట్టుకునే మందు వేరే ఉంది, రాత్రి ఒక పెగ్గు. అది నిద్ర పట్టిస్తుంది, తెల్లవారుజామున లేపేస్తుంది, మత్తు దిగేకొద్దీ కంగారు రెట్టింపవుతుంది. దాన్ని తగ్గించడానికి మర్నాడు ఇంకో పెగ్గు. మగవాళ్ల యాంగ్జైటీ చాలాసార్లు తాగుడు పేరుతోనో, చీటికిమాటికి అరిచే కోపం పేరుతోనో చలామణీ అవుతోంది. వాళ్ల భార్యలకి కూడా అది భయమని తెలియడం లేదు.

బస్సులో పక్కసీటు మనిషికి వస్తే

ఏ కారణం లేకుండా ఉన్నట్టుండి విరుచుకుపడే దడని పానిక్ అటాక్ అంటారు. కిక్కిరిసిన బస్సులో, సినిమా హాల్లో, ఒక్కోసారి గాఢనిద్రలో కూడా. నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది, ఆ తర్వాత మెల్లగా దిగిపోతుంది. దిగుతుందని ఆ క్షణంలో ఉన్న మనిషికి తెలియదు. చచ్చిపోతున్నాననో, పిచ్చెక్కుతోందనో అనుకుంటారు.

మీ పక్కనున్నవాళ్లకి వస్తే, అది ఇంతకుముందు వచ్చి డాక్టరు చూసి తేల్చిన పానికే అయితే, చుట్టూ మూగనివ్వకండి. మొహాన నీళ్లు కొట్టకండి. "ఏం కాలేదు, ఊరుకో" అనకండి, ఆ మనిషికి ఏదో అవుతోంది. "ఇది దిగిపోతుంది, నేను ఇక్కడే ఉన్నాను" అని నెమ్మదిగా చెప్పండి. ముక్కుతో మామూలుగా పీల్చి, నోటితో మెల్లగా, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలమనండి. మీరూ వాళ్లతోపాటే వదలండి. సినిమాల్లో చూపించే కాగితం సంచిలో ఊపిరి తీయించొద్దు, గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే అది ప్రమాదం. తగ్గాక బస్సు దిగిపోవాలనిపిస్తుంది. వీలైతే ఇంకో రెండు స్టాపులు కూర్చోనివ్వండి. భయంతో దిగి పారిపోతే రేపటినుంచి బస్సే ముప్పుగా మారుతుంది.

ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడికి వెళ్లాలి

జీఏడీ-7 అని ఏడు ప్రశ్నల కొలబద్ద ఒకటి 2006 నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. గడిచిన రెండు వారాల్లో కంగారు, ఆపుకోలేని దిగులు, చిరాకు, కుదురులేకపోవడం, ఏదో ఘోరం జరగబోతోందన్న భయం లాంటివి ఎన్ని రోజులు బాధపెట్టాయని అడుగుతుంది. మొత్తం 21 మార్కులు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరుని కలవడం మంచిది. జబ్బని నిర్ధారించేది డాక్టరే, ఈ కాగితం కాదు. రోజుల్లో ఎక్కువ భాగం దిగులుతోనే ఆరు నెలలు గడిచి, దానితోపాటు నిద్ర చెడటం, కండరాలు పట్టేయడం, త్వరగా అలసిపోవడం, మనసు నిలవకపోవడం ఉంటే వైద్యులు దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. అలాగని ఆరు నెలలు నిండేదాకా ఆగాల్సిన పనిలేదు. పనులు మానేస్తున్నారంటే చాలు, వెళ్లొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే వెళ్లాలి, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

కదలలేనివాళ్లకి ఫోన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవసరమైతే వాళ్లే డాక్టరుతో కలుపుతారు. తెలంగాణ ఇంటర్ బోర్డు పరీక్షలప్పుడు పిల్లలకి ఇచ్చే నంబరు కూడా ఇదే. అది పిల్లలకే అనుకోవద్దు, పరీక్షల నెలలో తల్లిదండ్రులకీ అవసరమే.

మానసిక ఆసుపత్రులున్న హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు పేర్లు తరతరాలుగా మన తెలుగులో తిట్లుగా మారాయి. "నిన్ను ఎర్రగడ్డలో పడేయాలి" అని నవ్వుకుంటూ అన్న మాటే, రేపు అదే గడప తొక్కాల్సిన మనిషి కాలిని వెనక్కి లాగుతోంది. ఇంట్లో ఈ మాట ఇక అనకండి. ఆ రెండు ఆసుపత్రుల ఓపీల్లోనే కాదు, ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగం ఉంటుంది. దడతో, నిద్రలేమితో వెళ్లినవాళ్లని చూసి మందులు రాసి పంపేస్తారు, ఎవరినీ కట్టిపడేయరు.

మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యలున్న నూటికి 85 మందికి వైద్యం అందడం లేదని తేలింది. ఆ 12లో మన రెండు రాష్ట్రాలూ లేవు. ఉండి ఉంటే లెక్క మెరుగ్గా వచ్చేదనుకోవడానికి నాకైతే కారణం కనబడదు.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి ఆ పైన మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో వైద్యం చేస్తారు, మందులు రాయరు. వాళ్లకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందేమో అడగడంలో మొహమాటం వద్దు, కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టేసుకుంటున్న రోజులివి. సీబీటీ అనే మాటల వైద్యానికి సాధారణంగా వారానికొక సిట్టింగ్ చొప్పున కొన్ని నెలలు పడుతుంది. పైన చెప్పిన పద్ధతినే, తప్పించుకుంటున్నవాటిని మెట్టుమెట్టుగా ఎదుర్కోవడాన్ని, పక్కనుండి నేర్పుతారు.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఒక కాగితం రాసుకెళ్లండి. ఎప్పుడు మొదలైంది, ఒంట్లో ఏమవుతుంది, ఏమేం మానేశారు, ఏ మందులు వాడుతున్నారు, తాగుడు ఎంత, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా. "ఏంటమ్మా ప్రాబ్లం" అనగానే గొంతు పూడుకుపోయి "గ్యాస్ సార్" అనేసి వచ్చినవాళ్లు ఉన్నారు.

సంబంధాలు చెడిపోతాయనే భయంతో పెళ్లీడు పిల్లల్ని తీసుకెళ్లని ఇళ్లు ఎన్నో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటోంది. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది.

మందుల సంగతి

సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటి మందులు మొదటి రోజునుంచే పనిచేయవు. రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొలి రోజుల్లో వికారం, కొంచెం ఎక్కువ కంగారు ఉండొచ్చు. సరిగ్గా అప్పుడే చాలామంది పడలేదని మానేస్తారు. డాక్టరుకి ఫోన్ చేస్తే మోతాదు తగ్గించి మెల్లగా పెంచుతారు. ఇవి మత్తుమందులు కావు, అలవాటుపడి ఇంకా ఇంకా కావాలనిపించవు.

అలవాటయ్యేది వేరే ఉంది, అల్‌ప్రాజోలామ్. అరగంట, గంటలో హాయినిస్తుంది, అదే దాని ప్రమాదం. డాక్టరు కొద్ది రోజులకి రాసిన చీటీ పట్టుకుని ఏళ్ల తరబడి మందుల షాపులో కొనుక్కునేవాళ్లు ఉన్నారు. ఇది ఎంతదాకా వెళ్తుందో తెలంగాణకి చేదుగా తెలుసు. కల్తీ కల్లులో కలిపే మత్తుల్లో అల్‌ప్రాజోలామ్ ఒకటి. 2015లో ఎక్సైజ్ దాడులు పెరిగి నిజామాబాద్ వంటి జిల్లాల్లో ఆ కల్లు ఆగిపోయినప్పుడు మనుషులు వణుకుతూ, ఫిట్స్‌తో, తమలో తాము మాట్లాడుకుంటూ ఆసుపత్రులకి చేరారు. తాగింది కల్లే అనుకున్నారు, ఒళ్లు అలవాటుపడింది ఈ గోళీకి. మీ ఇంట్లో ఎవరైనా చాలాకాలంగా దీన్ని వాడుతుంటే వెంటనే లాక్కోకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. డాక్టరు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మద్యంతో కలిపి వేసుకుంటే ఊపిరే ఆగొచ్చు.

నయమయ్యాక కూడా మందు కొన్ని నెలలు కొనసాగించమంటారు, చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా. బాగున్నాం కదా అని సొంతంగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు రావచ్చు, పాత దడ వెనక్కి రావచ్చు. పూర్తయ్యాక కూడా ఇంట్లో ఎవరైనా పోయినప్పుడో, ఉద్యోగం మారినప్పుడో మళ్లీ తలెత్తవచ్చు. ఈసారి మళ్లీ గ్యాస్ గోళీల దగ్గర్నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. పాత చీటీ తీసుకుని అదే సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్తే సరిపోతుంది, కొందరికి రెండు మూడు సిట్టింగులే చాలు.